ఆకాశానికెళ్లొచ్చిన మన్ను

నాలుగు తొలకరి వానలు పడితే చాలు... సీమలో కొందరు నేల చూపులు చూస్తూ నడుస్తారు. జొన్నగిరి, తుగ్గలి చేలల్లోనూ, ఇటు మహానంది దగ్గర గాజులపల్లె వాగులోనూ వజ్రాల వేట మొదలవుతుంది. సద్దిమూట కట్టుకుని పొద్దున్నే వెళ్లొచ్చేవాళ్లు కొందరైతే, అక్కడే మకాం వేసేవాళ్లు ఇంకొందరు. దొరికేది ఏ ఒక్కరికో! ఆ ఒక్కరి కథే మిగతావాళ్లని మరుసటేడు కూడా వాగులోకి దింపుతుంది.

గోస్పాడులోని ఓ రిటైర్డ్ సైన్సు మాస్టారికీ రాళ్ల పిచ్చే. కాకపోతే వజ్రాల మీద కాదు. బస్సులో కండక్టరు కేకేసే బనగానపల్లె, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల... ఇవన్నీ భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో రాతిపొరల పేర్లు కూడానని క్లాసులో చెప్పి పిల్లల్ని మురిపించేవారు. ఆయన ప్రాణమంతా అగ్గిపెట్టెలో దూది మధ్య దాచుకున్న ఓ నల్లటి గాజుముక్క మీదే. కూతురు థాయ్‌లాండ్ వెళ్లినప్పుడు తెచ్చిచ్చిన టెక్టైట్ అది.

ఓ వానాకాలం సాయంత్రం ఆ వీధిలోనే ఉండే కూలీ ఒకతను తువ్వాలు చివర ముడేసి ఆకుపచ్చటి రాయి పట్టుకొచ్చాడు. పది రోజులుగా పని మానుకుని వాగు చుట్టూ తిరుగుతున్నాడు. వజ్రం కాదని వ్యాపారి తేల్చేశాడట. కానీ ఎవరో కుర్రాడు ఫోనులో చూసి, ఆకాశం నుంచి పడిన పచ్చగాజుకి లక్షలిస్తారని చెప్పాడు.

‘‘నిజమేనా అయ్యోరూ? పాప కాలేజీ ఫీజు కట్టాల...’’

మాస్టారికి వెంటనే కాదనడానికి నోరు రాలేదు. అరుగు మీద కూర్చోబెట్టి, అగ్గిపెట్టె తెరిచారు.

ఈ గాజు ఆకాశంలో పుట్టింది కాదు. మన నేలదే. పెద్ద గ్రహశకలం వచ్చి గుద్దుకుంటే ఆ వేడికి మట్టీ రాయీ కరిగి చినుకుల్లా పైకెగిరిపోతాయి. గాల్లోనే చల్లారి, గాజై ఎక్కడో దూరాన రాలతాయి. 1.48 కోట్ల ఏళ్ల కిందట జర్మనీలో అలాంటి దెబ్బే తగిలింది. అక్కడ సుమారు 24 కిలోమీటర్ల వెడల్పున గుంత పడితే, పచ్చటి గాజు ముక్కలు వందల కిలోమీటర్ల అవతల నేటి చెక్ దేశంలో రాలాయి. వాటినే మోల్డవైట్లంటారు. మాస్టారి నల్లముక్కకి దాదాపు 7.9 లక్షల ఏళ్లు. చైనా నుంచి ఆస్ట్రేలియా దాకా రాలిన ఆ గాజుకి జన్మస్థానమైన గుంత ఏదన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు! మనకి దగ్గర్లో చూడాలంటే మహారాష్ట్రలోని లోనార్ ఉంది. 1.8 కిలోమీటర్ల వెడల్పున్న ఆ గుంత చుట్టూ నల్లరాయి కరిగి గాజైన ఆనవాళ్లున్నాయి.

పోల్చుకోవడంలో మహామహులే పొరబడ్డారు. 1922లో టుటన్‌ఖామన్ సమాధిని కనుక్కున్న హోవర్డ్ కార్టర్, రాజుగారి ఛాతీ ఆభరణంలోని పసుపుపచ్చ పేడపురుగు బొమ్మని మరో రకం రాయి అనుకున్నాడు. అది లిబియా ఎడారి గాజని 1990ల్లో గానీ తెలియలేదు. దాని వయసు 2.9 కోట్ల ఏళ్లు.

‘‘మరి నాది?’’ అన్నాడతను. అతనికి కావాల్సింది రాజుగారి సంగతి కాదు కదా!

మాస్టారు రాయిని దీపం దగ్గర తిప్పి చూశారు. ఏటి ఇసుక రాపిడికి నునుపెక్కి, మసకబారింది. ఓ పక్క సన్నటి గీత... అచ్చులో పోసినప్పుడు పడే అతుకు. లోపలివైపు గుండ్రటి వంపు.

‘‘గోలీసోడా సీసా మెడ నాయనా ఇది.’’

అతను మాట్లాడలేదు. మాస్టారు లేచి వెళ్లి బీరువాలోంచి మరో పొట్లం తెచ్చారు. నిగనిగలాడే పచ్చటి రాయి. 2021లో మోల్డవైట్ల మోజు పెరిగినప్పుడు ఆన్‌లైన్లో ఎవరో అమ్మితే కొన్నారు. నిజం ముక్క మీద గుంతలూ గీతలూ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. లోపల బుడగలు, కరిగి పారిన చారలు కనిపిస్తాయి. ఇది మాత్రం తడిసినట్టు మెరుస్తోంది. అదే ఆకారంలో ఇంకో పది ముక్కలు అమ్మకానికి కనబడ్డాకే ఆయనకి విషయం అర్థమైంది.

‘‘నీది ఏట్లో దొరికిన సీసా. నాది ఆరు వేలు పోసి కొన్న సీసా.’’

‘‘ఆరు వేలా?’’ వంటింట్లోంచి ఆవిడ గొంతు.

మాస్టారు పొట్లం గబగబా చుట్టేశారు. కూలీకి ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది. పచ్చరాయిని మళ్లీ తువ్వాల్లో ముడేసుకుంటూ నల్లముక్క కేసి చూశాడు.

‘‘ఇదైతే నిజందే కదా. అమ్మితే ఎంతొస్తాది?’’

‘‘ఇలాంటివి బోలెడున్నాయి. నాలుగైదు వందలు రావచ్చు.’’

‘‘ఆకాశం దాకా పోయొచ్చినా ఒక దినం కూలేనా అయ్యోరూ!’’