మేత ముందు, రంగు చేప తర్వాత



ఈసారి వరి గురించీ కాదు, మినుము గురించీ కాదు. ఇంటి దగ్గర తొట్లలో రంగు చేపలకి బతికున్న మేత పెంచుకోవడం గురించి రాస్తున్నా. "ఆ గాజు పెట్టెల చేపలు మనకెందుకయ్యా" అనుకోకండి. చదువుకుని ఊరికి తిరిగొచ్చిన కుర్రాళ్ళు, డ్వాక్రా గ్రూపుల ఆడవాళ్ళు ఈ మధ్య వీటి గురించి బాగా అడుగుతున్నారు. పెరట్లో నాలుగు తొట్లు కట్టుకుంటే నెలకింత వస్తుందని ఫోన్లలో వీడియోలు చూస్తున్నారు. డబ్బు పెట్టేముందు ఇది చదవమని చెప్పండి.

నేను చెప్పేది ఒకటే మాట. గేదెను కొనేముందు గడ్డి ఎక్కడుందో చూసుకుంటాం కదా. రంగు చేపలకీ అంతే. ముందు మేత పెంచడం రావాలి, ఆ తర్వాతే చేప కొనాలి.

మా పక్క ఊళ్ళో ఒక కుర్రాడున్నాడు. పేరు ఎందుకులెండి. హైదరాబాదులో పని పోయి ఇంటికొచ్చాడు. వాళ్ళమ్మ గాజులు కుదువ పెట్టి రేకుల షెడ్డు వేశాడు, సిమెంటు తొట్లు కట్టాడు, ఫైటర్ చేపలు, గౌరమీలు జతలు తెచ్చాడు. చేపలు బాగానే గుడ్లు పెట్టాయి. ఫైటర్ మగది నీళ్ళ మీద నురగ గూడు కట్టి గుడ్లు కాస్తుంది. ఒక్క ఈతకి రెండు మూడు వందల పిల్లలు. అబ్బాయి సంబరపడ్డాడు. వారం తిరక్కుండా తొట్టి ఖాళీ. మళ్ళీ ఈత, మళ్ళీ ఖాళీ. ఉడకబెట్టిన గుడ్డు సొన నలిపి వేశాడు, కొట్లో పొడి మేత వేశాడు. పిల్లలు వాటిని ముట్టలేదు, నీళ్ళు మాత్రం కుళ్ళాయి. చేపలమ్మినవాడు జబ్బు చేపలు అంటగట్టాడని తగాదాకి కూడా పోయాడు. జబ్బు ఏమీ లేదండీ. పిల్లలు ఆకలితో పోయాయి.

ఎందుకో చెప్తా. గుడ్డులోంచి వచ్చిన చేపపిల్లకి పొట్ట కింద సొన సంచి ఉంటుంది. రెండు మూడు రోజులు దాంతోనే బతుకుతుంది. అది అయిపోయి ఈదడం మొదలుపెట్టాక నోట్లో ఏదో ఒకటి పడాలి. ఆ నోరు మన కంటికి ఆననంత చిన్నది. పైగా అది వేటాడే జాతి. ఎదురుగా కదిలేదాన్నే పట్టుకుంటుంది. అడుగున పడి ఉన్న పొడిని మేతగా గుర్తుపట్టదు. కాబట్టి మేత నోటికి పట్టేంత చిన్నగా ఉండాలి, కదలాలి, రోజంతా చుట్టూ ఉండాలి. ఈ మూడూ ఉండేది బతికున్న మేతలోనే.

కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి వైపు నర్సరీ చెరువులు చేసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. 1957 జూలై 10న డాక్టర్ హీరాలాల్ చౌధురి ఒడిశాలో మొదటిసారి కార్పు చేపలకి ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. అంతకుముందు విత్తనం కోసం నదుల మీద ఆధారపడేవాళ్ళు. గుడ్లు పెట్టించడం అప్పటినుంచి మన చేతిలోకి వచ్చింది. పిల్లని బతికించడం మాత్రం ఇప్పటికీ నీళ్ళ చేతిలోనే ఉంది. అందుకే స్పాన్ వదిలే రెండు మూడు రోజుల ముందు చెరువుకి చెక్క, పేడ, సూపర్ కలిపి వేస్తాం. సిఫా వాళ్ళు చెప్పే లెక్క హెక్టారుకి వేరుశెనగ చెక్క 750 కిలోలు, పేడ 200, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 50. ఎకరానికి సుమారు 300, 80, 20 పడుతుంది. అందులో సగం ముందు వేసి, మిగతాది పిల్ల వదిలాక విడతలుగా వేస్తాం. ఆ చెక్క, పేడ నేరుగా పిల్ల కోసం కాదు. వాటివల్ల నీళ్ళలో పుట్టే జూప్లాంక్టన్ కోసం. 50 లీటర్ల నీళ్ళు ప్లాంక్టన్ వలలో వడగడితే ఒకటిన్నర, రెండు మిల్లీలీటర్ల మడ్డి దిగితే చెరువు సిద్ధమని లెక్క.

ఇదే పనిని ఇంటి దగ్గర కుడితి తొట్టిలో చేసుకోవచ్చు. తొట్టిలో పెంచడానికి మనకి అనువైనది మోయినా. చెరువు గట్టు పక్కన తెల్లవారుజామున నీళ్ళలో ఎర్రటి మబ్బులాగా గుంపుగా కదుల్తుంటాయి చూశారా, చాలావరకు అవే. పెద్దది ఆవగింజంత కూడా ఉండదు, ఒక మిల్లీమీటరు. అప్పుడే పుట్టింది అందులో సగం లోపే. దీని అక్క లాంటిది డాఫ్నియా. అది పెద్దది, చల్లటి నీళ్ళు కోరుతుంది. మన ఎండలకి మోయినాయే ఆగుతుంది. మగది అవసరం లేకుండానే ఆడది పిల్లల్ని పెడుతుంది. పుట్టిన నాలుగైదు రోజులకే తల్లి అవుతుంది, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకోసారి ఈనుతుంది. ఎండబెట్టి తూస్తే బరువులో సగం దాకా మాంసకృత్తులే.

ఇక పద్ధతి. 200 లీటర్ల తొట్టో, సిమెంటు ఒరో తీసుకోండి. లోతు అడుగున్నర, రెండడుగులు చాలు. చెట్టు నీడలోనో, చూరు కిందో పెట్టండి. మే నెల ఎండలో పెడితే ఉడికిపోతాయి. కాలువ నీళ్ళయితే ఒక రోజు తేర్చి గుడ్డలో వడగట్టండి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేదాకా రెండు రోజులు ఎండలో ఉంచండి. దివిసీమ, బందరు వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి వాళ్ళు వాననీళ్ళు, చెరువు నీళ్ళు చూసుకోవాలి.

మేతకి రెండు గుప్పిళ్ళ ఎండు పేడ, ఒక గుప్పెడు తవుడు పాత గుడ్డలో మూటగట్టి తొట్టిలో వేలాడదీయండి. బ్రెడ్డులో వాడే ఈస్టు అర చెంచా గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పోస్తే ఇంకా తొందరగా అందుకుంటాయి. రెండు మూడు రోజులకి నీళ్ళు కొద్దిగా మసకబారతాయి. అప్పుడు విత్తనం వదలండి. వారం లోపే తొట్టి నిండుతుంది. రోజూ పొద్దున్నే పల్చటి గుడ్డతో నాలుగో వంతు మించకుండా తీసి, మంచినీళ్ళలో ఒకసారి జాడించి చేపలకి వేయండి. నీళ్ళు తేటగా అయిపోతే మేత తక్కువైందని అర్థం, మూట మార్చండి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే మేత ఎక్కువైంది, మూట తీసేసి సగం నీళ్ళు మార్చండి. తొట్లు మాత్రం మూడు ఉండాలి, వారం తేడాతో మొదలుపెట్టాలి. ఒక్క తొట్టి మీద ఆధారపడితే అది చెడిన రోజు చేపలకి పస్తే.

విత్తనం దగ్గర తొందరపడకండి. చెరువులో గుడ్డ ముంచి తెచ్చింది తెచ్చినట్టు తొట్టిలో పోస్తే తూనీగ పిల్లలు, నీటి పురుగులు, చేప పేను, సైక్లాప్స్ అన్నీ వస్తాయి. ఇవి చేపపిల్లని తినేవో, పీడించేవో. తెల్ల పళ్ళెంలో నీళ్ళు పోసి, డ్రాపరుతో మంచి మోయినాలు ఇరవై ఏరి, వాటితోనే మొదలుపెట్టండి. పది రోజులు ఆలస్యమైతే అయింది, విత్తనం శుభ్రంగా ఉంటుంది. నారుమడిలో ఊద గింజ పడనిస్తామా? ఇదీ అంతే.

ఇంకో సంగతి. మేత తగ్గినా, ఇరుకైనా అప్పుడు మోయినాల్లో మగవి పుట్టి, గట్టి పెంకు గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు ఎండిన మట్టిలో ఏళ్ళ తరబడి చావవు. వేసవిలో కాలువలు కట్టేసి చెరువులు ఎండినా, నీళ్ళు రాగానే మళ్ళీ అన్నేసి పుట్టుకొచ్చేది వాటివల్లే. ఎండిన చెరువు పైమట్టి రెండు దోసిళ్ళు తెచ్చి నీళ్ళు పోసి చూడండి, విత్తనం అలాగైనా దొరకొచ్చు.

ఇప్పుడు రైతులుగా మనం గట్టిగా పట్టించుకోవాల్సిన విషయం. ఈ మోయినా, డాఫ్నియా జాతి పురుగుమందుకి ఇట్టే చస్తాయి. మందులు నీళ్ళకి ఎంత హాని చేస్తాయో తెలుసుకోవడానికి ప్రపంచమంతా ప్రయోగశాలల్లో డాఫ్నియానే వాడతారు. సైపర్‌మెత్రిన్ లాంటివి చుక్కలో చుక్క పడినా తొట్టి తొట్టి అంతా అడుగుకి చేరుతుంది. పొలాల మీద మందు కొట్టే రోజుల్లో పంట కాలువ నీళ్ళు తొట్టిలో పోయకండి. మందు డబ్బా కడిగిన బక్కెట్టు దగ్గరికి కూడా రానివ్వకండి. పశువుకి ఐవర్‌మెక్టిన్ సూది వేయిస్తే నెల రోజులు దాని పేడ వాడకండి. ఆ మందు పేడలో బయటికొస్తుంది, అతి తక్కువ మోతాదుకే వీటిని చంపుతుంది. మేత బాగుంది, నీడ బాగుంది, అయినా తొట్టి చచ్చిందంటే ముందు అనుమానించాల్సింది ఈ రెండిటినే. నేను కాలువ నీళ్ళు ఎప్పుడు తెచ్చినా ముందు ఒక గ్లాసులో పది మోయినాలు వేసి రాత్రంతా ఉంచుతా. తెల్లారేసరికి ఈదుతుంటేనే తొట్టిలో పోస్తా. మనం తాగే నీళ్ళూ ఆ కాలువవేనని అప్పుడు గుర్తొస్తుంది.

రెండోది దోమలు. ఇది ఊరితో మాట పడే విషయం. నీళ్ళ తొట్టి ఉంటే దోమ గుడ్డు పెడుతుంది, వారం పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగురుతుంది. "ఫ్రైడే డ్రై డే" అని ఆరోగ్య కార్యకర్తలు శుక్రవారం శుక్రవారం తొట్లు ఒంపమని చెప్పేది అందుకే. డెంగీ వచ్చిన ఇంటి పక్కన మనం తొట్లు తెరిచి పెట్టుకుని "ఇది మేత" అంటే ఎవరూ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ప్రతి తొట్టికీ దోమతెర గుడ్డ బిగించి తాడు కట్టండి, సందు లేకుండా. చిరిగితే ఆ రోజే కుట్టండి. లోపల లార్వా కనబడితే వడగట్టి చేపలకి వేయండి, ఇష్టంగా తింటాయి. వచ్చినవాళ్ళకి తెర తీసి చూపించండి. ఈ పని చెయ్యలేననుకుంటే మాత్రం తొట్టి పెట్టకండి.

ఫైటర్, గౌరమీ పిల్లలకి మొదటి వారం మోయినా కూడా పెద్దదే. వాటికి ఇన్ఫ్యూసోరియా కావాలి. మందు కొట్టని వరిగడ్డి గుప్పెడు ఉడకబెట్టి, చల్లార్చి, గాజు సీసాలో పోసి, అర గ్లాసు చెరువు నీళ్ళు కలపండి. గడ్డి లేకపోతే అరటి తొక్క. మొదట తెల్లగా మసకేసి వాసనొస్తుంది. నాలుగైదు రోజులకి తేటపడి, వెలుతురులో చూస్తే సన్నటి తెల్ల చుక్కలు కదుల్తాయి. పూటకి రెండు మూడు చెంచాలు పిల్లల తొట్టిలో పోయాలి. చేపల జత కట్టిన రోజే సీసా కూడా మొదలుపెడితే సరిగ్గా అందుకుంటుంది. గప్పీ, మోలీ పిల్లల్నే కంటాయి, ఆ పిల్లలు కాస్త పెద్దవి. పుట్టిన రోజునుంచే చిన్న మోయినా తింటాయి. అందుకే కొత్తవాళ్ళు గప్పీతో మొదలుపెడితే మంచిది.

కొట్లో ఆర్టీమియా గుడ్లు కూడా దొరుకుతాయి. రొయ్య హేచరీలు వాడేవి ఇవే. అమెరికాలో ఊటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి కూడా వస్తాయి. లీటరు నీళ్ళకి 25, 30 గ్రాముల ఉప్పు వేసి గాలి పెడితే ఒక రోజులో పిల్లలవుతాయి. మంచి మేతే, కానీ ఖరీదు. డబ్బా మూత తీశాక తేమ తగిలితే గుడ్లు పొదగవు. అవసరానికి దగ్గరుంచుకోండి, రోజువారీకి మాత్రం పేడ, తవుడు ఉన్నవాడికి మోయినాయే లాభం. మురుగు కాలవల్లోంచి తెచ్చి అమ్మే ట్యూబిఫెక్స్ ఎర్ర పురుగులు నేను వాడను. మురుగులో ఉన్న జబ్బంతా తొట్టిలోకి వస్తుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్‌కి 3 లక్షల ఖర్చు కింద లెక్కగట్టారు. జనరల్ వాళ్ళకి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60 శాతం రాయితీ. అంటే 60 శాతం వచ్చినా మిగతా 1 లక్షా 20 వేలు మన చేతివే, లేదా అప్పువే. ఇప్పుడు ఏది అమల్లో ఉందో మత్స్య శాఖ ఆఫీసులో అడగండి. విజయవాడ పక్కనే పోరంకిలో సిఫా వాళ్ళ ప్రాంతీయ కేంద్రం ఉంది, సందేహాలు అక్కడా అడగొచ్చు. రాయితీతో షెడ్డు వస్తుంది, తొట్లు వస్తాయి. పొద్దున్నే పిల్ల నోట్లోకి మేత మాత్రం రాయితీలో రాదు.

అందుకే ఎవరడిగినా నేను చెప్పే పరీక్ష ఇది. రూపాయి పెట్టేముందు మూడు తొట్లు పెట్టి మూడు నెలలు మోయినాని చావకుండా నడపండి. ఖర్చు పేడ, తవుడు, దోమతెర. పెళ్ళికెళ్ళినా, కోతలొచ్చినా, జ్వరమొచ్చినా ఎవరో ఒకరు చూడగలిగారా? నడిస్తే చేపలు కొనండి. నడవకపోతే పోయింది నాలుగు గుప్పిళ్ళ తవుడు, అంతే.

పక్క ఊరి కుర్రాడు ఇప్పుడు మూడు తొట్లు నడుపుతున్నాడు. కిందటి ఈతలో నూటికి పైగా పిల్లలు మిగిలాయి. వాళ్ళమ్మ గాజులు ఇంకా విడిపించలేదు. మేత ముందు నేర్చుకుని ఉంటే అవి ఆమె చేతికే ఉండేవి. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఈ పని మొదలుపెడతామంటే వద్దనకండి. తవుడు, పాత తొట్టి ఇచ్చి, మూడు నెలలు చూడమనండి.

ఉంటానండీ.