చెల్లె పెళ్లి ఫ్లెక్సీ

మా చెల్లె పెళ్లి ఫ్లెక్సీ నేనే డిజైన్ చేశాను. సాఫ్ట్‌వేర్ అన్న ఇంట్లో ఉండగా బయటోళ్లకు డబ్బులెందుకన్నది అందరి మాట. నాకూ సరదానే. పగలు ఆఫీసులో యాప్ స్క్రీన్లకు కోడ్ రాస్తా, రాత్రిళ్లు పోస్టర్లు, శుభలేఖలు చేస్తా.

పెళ్లి తుంగతుర్తిలో, మా ఇంటి ముందరే. హైదరాబాద్ నుంచి బస్సులో వస్తూ ఫొటో సరిచేశాను. నా స్క్రీన్ మీద చెల్లె ముఖం పాలిపోయినట్టు కనిపించింది. శాచురేషన్ పెంచాను. చాల్లేదనిపించి ఇంకొంచెం పెంచాను. సూర్యాపేటలో ప్రింట్ కొట్టించుకొచ్చి, తెల్లారేసరికి పందిరి ముందు కట్టించాను. పన్నెండు అడుగుల ఫ్లెక్సీ. అందులో చెల్లె ముఖం, రోజంతా ఎండలో నాట్లేసొచ్చి, పైన జ్వరం కూడా తగిలినట్టు ఎర్రగా ఉంది.

తను ఏమీ అనలేదు. ఒక్క నిమిషం నిలబడి చూసి లోపలికి పోయింది. నాయినే, "గదేందిరా, పిల్ల ముఖానికి కుంకుమ పూసినట్టున్నది" అన్నాడు. మార్చే టైం లేదు. వచ్చిన ప్రతి చుట్టం దాని ముందే నిలబడి సెల్ఫీ దిగారు.

పెళ్లయిన నాలుగో రోజు ప్రింటింగ్ షాపుకు కొట్లాటకే పోయాను. ఆపరేటర్ అన్న మాట్లాడకుండా నా ఫైలు తన మానిటర్‌లో తెరిచాడు. అక్కడా అదే ఎరుపు. "మిషన్‌ది గాదు తమ్మీ. నీ ల్యాప్‌టాప్‌ల ఎట్ల కనపడ్డదో జూడు" అన్నాడు.

బీటెక్ ఫైనలియర్‌లో కొన్నది అది. క్లాస్‌మేట్స్ అంతా కలిసి చెప్పిన గేమింగ్ ల్యాప్‌టాప్. పెద్ద ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, కీబోర్డు కింద రంగురంగుల లైట్లు. డిస్‌ప్లే గురించి ఎవరూ అడగలేదు, నేనూ చూడలేదు. ఇంటికొచ్చి స్పెసిఫికేషన్ల పేజీ కిందిదాకా దింపితే అప్పుడు దొరికింది: 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. అంటే మన వెబ్‌సైట్లకు, మామూలు ఫొటోలకు ఆధారమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో అరవై శాతం పైచిలుకు మాత్రమే చూపించగలదు. ముఖ్యంగా ఎరుపులు నీరసంగా కనిపిస్తాయి. అది తెలియక మనం రంగు కలుపుతూ పోతాం. కలిపిందంతా ఫైల్లో ఉంటుంది, మన కంటికి మాత్రం ఆనదు. కలర్ ప్రొఫైల్ సరిచేసే పరికరాలు ఉన్నాయి కానీ, ప్యానెల్‌కు చేతకాని రంగును అవి కూడా తెచ్చివ్వలేవు.

ఆ తర్వాత చాలాకాలం ఎవరికీ డిజైన్ చేయలేదు. 2023 పెద్దగట్టు జాతరకు మా దోస్తులు ఫ్లెక్సీ అడిగితే, ఆఫీసులో రిలీజ్ ఉందని అబద్ధమాడాను.

నిజానికి దానితో ప్రయాణం కూడా కష్టంగానే ఉండేది. ల్యాప్‌టాప్ రెండున్నర కిలోలు. ఇటుకలాంటి అడాప్టర్ అదనం. ఛార్జర్ తీస్తే గ్రాఫిక్స్ కార్డు సగం నిద్రపోతుంది. పంతంగి టోల్‌గేటు దాటేసరికి బ్యాటరీ సగం, నార్కట్‌పల్లి రాకముందే ఎర్రగీత, కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవడమే. ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలేవి.

కొత్తది కొనాలనుకున్నాక ఈసారి కిందినుంచి పైకి చదివాను. ముందు డిస్‌ప్లే, తర్వాత బరువు, ఆ తర్వాత బ్యాటరీ, చివర్లో ప్రాసెసర్. మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం2 మీద మనసు పడింది. 1.24 కిలోలు, ఫ్యాన్ లేదు, స్క్రీన్ గురించి చెప్పక్కర్లేదు. కానీ మన షాపుల్లో తెలుగు టైపింగంతా అను ఫాంట్లలో, విండోస్ మీద, కోరల్ డ్రాలో నడుస్తుంది. నేను యూనికోడ్‌లో చేసి పంపితే పాత వెర్షన్లలో ఒత్తులు విడిపోయి పక్కకు జరుగుతాయి. అక్షరాలను కర్వ్స్ చేసి పంపితే సరిపోతుంది గానీ, ముహూర్తం తారీఖు మారిందని రాత్రి పదకొండింటికి ఫోనొస్తే వాళ్ల ఫైలునే తెరిచి దిద్దాలి. అందుకని విండోసే.

ఓలెడ్ స్క్రీన్లు చూశాను. అద్దంలా మెరుస్తున్నాయి. మామూలు ఫొటోను కూడా అవసరానికి మించి రంగులతో చూపించాయి, ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెడితే తప్ప దారికి రాలేదు. పాతది తక్కువ చేసి చెబితే, ఇది ఎక్కువ చేసి చెబుతోంది. పైగా మా బస్సు కిటికీ ఎండలో అందులో నా ముఖమే కనిపిస్తుంది.

బ్యాటరీని గంటల్లో చెప్పే ప్రకటన నమ్మకండి. వాట్ అవర్లు చూడండి. పనిచేసేటప్పుడు పదిహేను వాట్లు లాగే మెషీన్‌కు 75 వాట్ అవర్లుంటే ఐదు గంటలు. అంతే లెక్క. టైప్‌-సి ఛార్జింగ్ ఉంటే ఫోనుకూ దానికీ ఒకటే ఛార్జర్. ఊర్లో కరెంటు పోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది. ర్యామ్ చాలా సన్నటి మోడళ్లలో బోర్డుకే అతికించేస్తున్నారు, తర్వాత వేసుకుందామంటే కుదరదు. పదహారు జీబీ మొదటే తీసుకున్నాను.

షోరూముకు పెన్‌డ్రైవ్ పట్టుకొని పోయాను. అక్కడ నడిచే డెమో వీడియోల్లో ప్రతి స్క్రీనూ బాగుంటుంది. సేల్స్ తమ్ముణ్ని బతిమాలి, నా ఫైలు ఒకటి వరసగా మూడింటిలో తెరిపించాను. ఏ ఫైలో మీరు ఊహించే ఉంటారు. మూడోది పద్నాలుగు అంగుళాలది, మెరుపు లేని స్క్రీన్, నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ, నాలుగు వందల నిట్స్. అందులో తెరవగానే చెల్లె ముఖం ఆ రోజు పందిరి ముందు ఉన్నట్టే ఉంది. అంత ఎరుపు. ఊరంతా చూసింది నేను మొదటిసారి నా ఫైల్లో చూశాను. "కలర్ కొంచెం ఎక్కువైనట్టుంది సార్, వేరే ఫొటో పెట్టమంటారా?" అన్నాడు సేల్స్ తమ్ముడు. వద్దని, దాన్నే బిల్లు వేయమన్నాను. పన్నెండు నెలల ఈఎంఐ.

పోయిన నెల చెల్లె ఫోన్ చేసింది. పాపకు తొట్టెల ఫంక్షన్.

"అన్నా, ఫ్లెక్సీ నువ్వే చెయ్యాలె" అంది.

"నేనా?"

"ఇంకెవరు? గానీ పాప ముఖం పాప ముఖం తీర్గనే ఉంచు."

బస్సులోనే చేశాను. కొర్లపహాడ్ దగ్గర బ్యాటరీ ఇంకా సగానికి పైనే ఉంది. పాప బుగ్గల మీద శాచురేషన్ గీతను ముట్టుకోలేదు. సూర్యాపేటలో దిగి అదే షాపుకు పోయి, ముందు ముఖం వరకు ఒక అడుగు ముక్క కొట్టమన్నాను. ఆపరేటర్ అన్న నవ్వి, ఆ ముక్క పట్టుకొని బయట ఎండలోకి నడిచాడు. నేనూ ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకొని ఆయన వెనకాలే పోయాను.