మేలుకుంటే మాయమయ్యే దీవి

జపాన్‌లోని క్యోటో నగరానికి చెందిన నింటెండో సంస్థ 1993 జూన్‌లో వెలువరించిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: లింక్స్ అవేకెనింగ్’ అనే సాహస క్రీడ, అదే సంస్థ 1989లో విపణిలోకి తెచ్చిన గేమ్ బాయ్ అనే చేతి యంత్రం కోసం రూపొందింది. నాలుగు బ్యాటరీలతో నడిచే ఆ యంత్రపు తెరకు లోపలి నుంచి వెలుగు గానీ, రంగులు గానీ లేవు. పాచి పట్టిన నీటి వంటి లేత ఆకుపచ్చ మీద నాలుగు ఛాయలలో, అడ్డంగా 160, నిలువుగా 144 పిక్సెళ్లతో, అంటే కంటికి ఆనీ ఆనని చుక్కలతో, బొమ్మ ఏర్పడేది. ఆటను భద్రపరిచే కార్ట్రిడ్జ్ అనే ప్లాస్టిక్ బిళ్ల నిల్వ సామర్థ్యం 512 కిలోబైట్లు. నేటి ఫోనుతో తీసే ఒక్క ఛాయాచిత్రానికైనా ఆ చోటు సాధారణంగా చాలదు. అంత ఇరుకులో ఇమిడిన కోహోలింట్ అనే దీవి మూడు దశాబ్దాల తరువాత కూడా ఆడినవారి మనసుల్లో నిలిచి ఉండటానికి కారణం, ఆ ఇరుకుతనమే కథకు ప్రాణంగా మారడం.

సంస్థలో ప్రోగ్రాములు రాసే కజుయాకి మోరితా పనివేళల అనంతరం సాగించిన ప్రయోగంతో మొదలైన ఈ ఆటకు తకాషి తెజుకా దర్శకుడు కాగా, కథారచనలో యోషియాకి కొయిజుమి పాత్ర ప్రధానమైనది. ఇష్టం కొద్దీ మొదలుపెట్టిన పని కావడం వల్ల దానికి దక్కిన స్వేచ్ఛ అడుగడుగునా కనిపిస్తుంది: పేరులో ఉన్న జెల్డా రాకుమారి కథలో కనిపించదు, మారియో ఆటల్లోని జీవులు ఇందులో యథేచ్ఛగా తిరుగుతాయి, అనుమానం రేకెత్తించే మనుషులు నిండిన ఊరి కోసం తెజుకా ‘ట్విన్ పీక్స్’ అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహికను ఆదర్శంగా తీసుకున్నాడు.

దీవి మొత్తం వరుసకు 16 చొప్పున 16 వరుసల గదులుగా, అంటే 256 గదులుగా విభజితమై ఉంటుంది. ఒక్కో గది తెరను నింపుతుంది, అంచు దాటితే మరొకటి జరిగి వస్తుంది. చోటు తక్కువ గనుక ఏ గదినీ వృథా పోనివ్వలేదు. అంగడిలో సొమ్ము చెల్లించకుండా సరుకుతో జారుకున్న ఆటగాడిని ఆ తరువాత దీవివాసులందరూ ‘దొంగ’ అనే పేరుతోనే పిలుస్తారు, అతను పెట్టుకున్న పేరు ఇక వినిపించదు. తోక పోగొట్టుకుని కత్తి సంపాదించిన కోతి కథ వింటూ పెరిగిన తెలుగువారికి ఇందులోని మారకాల గొలుసు పరాయిదిగా తోచదు: బొమ్మనిస్తే రిబ్బను, రిబ్బనిస్తే కుక్క తిండి, దానికి బదులుగా అరటిపళ్లు, ఆ పళ్లు అందుకున్న కోతులు కట్టే వంతెన, అవి వదిలి వెళ్లిన కర్ర.

ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన కథానాయకుడు లింక్ తిరిగి వెళ్లాలంటే, కొండశిఖరం మీది పెద్ద గుడ్డులో నిద్రిస్తున్న విండ్ ఫిష్ అనే జీవిని మేల్కొలపాలి. అందుకు ఎనిమిది నేలమాళిగల్లో దాగిన ఎనిమిది వాద్యాలను సాధించాలి. నడుమ ఒక దేవాలయపు గోడ మీది చిత్రం, ఈ దీవి సమస్తం ఆ జీవి కంటున్న కల అని, అది కళ్లు తెరిస్తే ఇక్కడి మనుషులూ మృగాలూ మిగలరని తెలియజేస్తుంది. ఏడు సముద్రాల అవతల చిలుకలో దాగిన మాంత్రికుడి ప్రాణం తీస్తే రాళ్లయినవారు మళ్లీ మనుషులయ్యే మన జానపద కథల్లో గెలుపు అందరినీ బతికిస్తుంది. ఇక్కడ గెలుపే అందరినీ తుడిచివేస్తుంది. విలన్లనదగిన ‘పీడకలలు’ అనే జీవులు కూడా తమ ఉనికిని కాపాడుకోవడానికే పోరాడుతున్నాయని గ్రహించిన ఆటగాడికి కత్తి ఎత్తడం సులువు కాదు. సముద్రతీరాన లింక్ పక్కన కూర్చుని, తాను సముద్రపు పక్షినై ఉంటే ఎంత దూరమైనా ఎగిరిపోయేదాన్నని తలపోసే మారిన్ అనే అమ్మాయి, అతనికి పాట నేర్పుతుంది. విండ్ ఫిష్‌ను మేల్కొలిపేది ఆ పాటే. తనను లేకుండా చేయగల రాగాన్ని ఆమె ప్రేమతో అందించే ఈ అల్లిక ఆటకు గుండెకాయ. మాటలు కొద్ది, ముఖకవళికలు చూపేంత చోటు తెరకు లేదు. అందుకే ఆమె దిగులును ఆటగాడు తన లోపల పూర్తి చేసుకోవలసి వస్తుంది.

1998లో రంగులతోనూ, 2019లో స్విచ్ అనే యంత్రం కోసం కొత్త రూపంతోనూ ఈ ఆట మళ్లీ వచ్చింది. తొలి కార్ట్రిడ్జ్‌లో ఆటగాడి ప్రగతిని గుర్తుంచుకునేది లోపలి చిన్న బ్యాటరీ. అది పూర్తిగా నీరసిస్తే జ్ఞాపకమూ చెరిగిపోతుంది. అంతవరకు, ముగింపు చూసిన తరువాత యంత్రాన్ని ఆపి తిరిగి వెలిగించినా, ఊరూ తీరమూ కొండమీది గుడ్డూ ఉన్నచోటే ఉంటాయి. విండ్ ఫిష్ ఇంకా నిద్రలోనే ఉంటుంది.