బ్రూక్‌ఫీల్డ్‌లో ఓణీల వేడుక

కృష్ణరాజపురంలో రైలు దిగి బ్రూక్‌ఫీల్డ్ చేరేసరికి బాగా తెల్లవారింది. మా అమ్మాయి కాపురం అక్కడే. ఎటు చూసినా కంప్యూటరు కంపెనీల అద్దాల మేడలే గానీ, కుందలహళ్ళి వైపు నాలుగడుగులు వేస్తే కూరల బండి దగ్గర కూడా తెలుగు వినిపిస్తుంది. నేను వెళ్ళింది మనవరాలి ఓణీల వేడుకకు.

మేనమామ పెట్టవలసిన పట్టులంగా, ఓణీ మా అబ్బాయి ధర్మవరం నుంచి తెచ్చాడు. జాకెట్టు కుట్టిన దర్జీ వాటిని చూసి ‘లంగ దావణి’ అన్నాడు. కన్నడంలో మాట అదే. పూలజడ కోసం మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, కె.ఆర్. మార్కెట్టుకు వెళ్ళాం. అక్కడ పూలజడ అంటే అమ్మేవాడికి తెలియలేదు. నా జడ ముందుకు తీసి, దాని మీద మల్లెమొగ్గలు పేర్చి చూపిస్తే, “ఓ, మొగ్గిన జడె!” అన్నాడు. ఎంత చక్కని మాట! వంకీ, పాపిడిబిళ్ళ మా అమ్మాయివి. వడ్డాణం మాత్రం మా అక్కది. మా ఇంటి ఆడపిల్లలంతా దాన్ని పెట్టుకున్నవాళ్ళే.

ఆఫ్రికాలోని ఘనాలో క్రోబో అనే వారు డిపో పేరుతో ఇలాంటి వేడుకే చేసి, ఆడపిల్లల మెడకూ నడుముకూ గాజుపూసల పేర్లు వేస్తారట. “ఆ పూసలు కూడా అమ్మమ్మల నాటివేనట, అమ్మమ్మా!” అని పిల్లే చదివి చెప్పింది.

అన్నీ అమరాక పిల్ల ఒక షరతు పెట్టింది. “అన్నీ పెట్టుకుంటాను. కానీ ఎందుకు చేస్తున్నారో మైకులో చెప్పకూడదు. చాప మీద కూర్చోను.”

నాకు కోపం వచ్చింది. అసలు దాచవలసిన సంగతా ఇది? తాటాకు చాప, చిమ్మిలి లేకుండా ఏం వేడుక? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1968లో తెనాలిలో నేను సమర్తాడినప్పుడు వీధి వీధంతా పేరంటానికి వచ్చింది. వీపు వెనక నిలువుటద్దం పెట్టి, పూలజడ కనబడేలా ఫోటో తీయించారు. ఆ ఫోటో అంటే నాకు ఈనాటికీ మురిపెమే. కానీ ఆ తరవాత నన్ను బడికి పంపలేదు. ఎనిమిదో తరగతి పుస్తకాలు పక్కింటి పిల్లకు ఇచ్చేశారు. ఆ సంగతి ఇంతవరకూ మా అమ్మాయికి కూడా చెప్పలేదు.

పొద్దున్నే పిల్లకు చెప్పాను. అది ఏమీ అనలేదు. కాసేపటికి వచ్చి, “చిమ్మిలి తింటాలే, నువ్వే తినిపించు” అంది.

ఆదివారం మేడ మీది హాల్లో అక్షింతలు వేశాం. మైకులో సన్నాయి తప్ప మాట లేదు. చాప అడగలేదు. ఫోటోకి మాత్రం అద్దం కావాలని పిల్లే పట్టుబట్టింది. పడకగది బీరువా అద్దం ముందు నిలబెట్టి మా అల్లుడు సెల్‌ఫోన్‌తో తీశాడు.

సోమవారం ఏడింటికే స్కూలు బస్సు వచ్చింది. పిల్ల వెళ్ళాక నగలు సర్దుతూ చూశాను, వడ్డాణం మర వదులైంది. మా అక్కకు పంపేలోగా బాగు చేయించాలి.