మూత వంకరా, బండి వంకరా?

నాయన తిరుమల ఘాట్‌రోడ్డులో తిప్పిన అంబాసిడర్ మాది. డిక్కీ మూత తుప్పుకి చిల్లులు పడిపోయింది. 2014లోనే ఆ బండి తయారీ ఆగిపోయింది కదా, కొత్తది ఎక్కడ దొరుకుతుంది? చిత్తూరులో పాత సామాన్ల కొట్లో ఒకటి పట్టి తిరుపతికి తెచ్చాను.

బిగిస్తే ఎడమపక్క వేలు దూరేంత సందు, కుడిపక్క రేకూ రేకూ రాపిడి. సుత్తి తీశాను. మేస్త్రీ ఆపేశాడు.

"కొట్టొద్దబ్బా! ముందు రబ్బరు బీడింగు, లాక్ తీసెయ్. కీళ్ల బోల్టులు వదులు చెయ్. ఇద్దరం పట్టుకుని జరుపుదాం. సందు సమానమయ్యాక బిగిద్దాం. ఎత్తు చాలకుంటే కీలుకీ మూతకీ మధ్య వాషర్. లాక్ ఆఖర్న."

రెండు గంటలు జరిపినా ఎడమ సందు పూర్తిగా పోలేదు. మేస్త్రీ డిక్కీలో తల దూర్చి చూసి, "మూత బాగానే ఉండాది. బండికే ఎప్పుడో ఎనక దెబ్బ తగిలింది" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మనడిగాను. "నీ ఇంజినీరింగు ఫీజు కట్టిన నెలరా. రిపేరు తర్వాత చూద్దాంలే అన్నాడు మీ నాయన."

ఆ 'తర్వాత' రానే లేదు.

మర్నాడు వెనక భాగం లాగి సరిచేద్దామన్నాడు మేస్త్రీ. వద్దన్నాను. బీడింగు వేసి బక్కెట్టు నీళ్లు పోసి చూశాం, లోపలికి చుక్క దిగలేదు. ఆ సందు మాత్రం అలాగే ఉంచేశాను.