సముద్రం ఇక ఉండదంటే

మా నాయనమ్మకీ నాకూ ఒక్క వాక్యం దగ్గర ఎప్పుడూ గొడవే. ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం మొదటి వచనం. కొత్త ఆకాశం, కొత్త భూమి వస్తాయి, అప్పుడిక సముద్రం ఉండదు అని అందులో ఉంటుంది. నాయనమ్మ దాన్ని ఉన్నది ఉన్నట్టే నమ్ముతుంది. మాది బందరు. "సముద్రం లేకపోతే గిలకలదిండిలో బోట్లన్నీ ఏం చెయ్యాలి నాయనమ్మా?" అని ఏడిపించేవాణ్ణి.

నేను చిన్నప్పట్నుంచి ఇంగ్లీషు మీడియం. బైబిలు కూడా ఇంగ్లీషులోనే చదివాను. రాసింది రాసినట్టే తీసుకోవడం కంపైలర్ పని, మనిషి అలా చదవక్కర్లేదు అని నా వాదన. నా దగ్గర పాయింట్లు కూడా ఉన్నాయి. పౌలే గలతీయులకు రాసిన పత్రికలో హాగరు, శారాల కథని రెండు నిబంధనలకి పోలికగా చెప్పాడు. 1,600 ఏళ్ళ కిందటి అగస్టీన్ కూడా ఆదికాండంలోని ఆరు రోజుల్ని మామూలు రోజులుగా లెక్కపెట్టలేదు. ఇవన్నీ చెప్తే నాయనమ్మ, "సరేలే, అన్నం తిను" అనేది.

పోయిన వేసవిలో ఇద్దరం గుడివాడలో ఒక మీటింగుకి వెళ్ళాం. ఆ రోజు అంశం నోవహు. తెలుగు బైబిల్లో ఆ వరదని జలప్రవాహము అంటారు. నాయనమ్మ మాత్రం ఉప్పెన అనే అంటుంది. ప్రసంగీకుడు నోవహు దగ్గర్నుంచి నేరుగా దివిసీమకి వచ్చేశాడు. 1977లో వచ్చింది కూడా పాపానికి దేవుడిచ్చిన తీర్పేనన్నాడు. చుట్టూ కొందరు ఆమెన్ అన్నారు. నాయనమ్మ బైబిలు మూసి సంచిలో పెట్టుకుంది. "లే నాన్నా, పోదాం" అంది.

నాయనమ్మ పుట్టిల్లు దివిసీమలో, కోడూరు అవతల. 1977 నవంబరు 19, శనివారం. తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. మన వైపు తుపాను గాలులు గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతాయి. అందుకే తుపాను వెళ్ళే దారికి కుడిపక్కన ఉన్న తీరంలో గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. దివిసీమ ఆ కుడిపక్కన పడింది. దాదాపు ఆరు మీటర్ల ఎత్తున నీళ్ళు వచ్చాయి. పదివేల మందికి పైగా పోయారు. అంతకుముందు 1864 నవంబరు 1న బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో 30,000 మంది దాకా పోయారంటారు. ఇందులో నాకు గాలి, పల్లపు నేల, తీరం ఆకారం కనిపిస్తాయి. ఎవరి పాపమూ కనిపించదు.

తిరుగు బస్సులో నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. గుడ్లవల్లేరు దాటాక అంది: "సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు కదరా. వాళ్ళు మిగతావాళ్ళ కంటే పాపులా అని ప్రభువే అడిగి, కాదన్నాడు. లూకాలో ఉంది. ఆయన ఆ అధ్యాయం దాకా రాలేదేమో."

నాకు భలే ఛాన్స్ దొరికిందనిపించింది. "అందుకే అక్షరార్థం ప్రమాదం అంటాను నేను. సముద్రం అంటే సముద్రం కాదు నాయనమ్మా. ఆ రోజుల్లో వాళ్ళకి సముద్రం అంటే భయానికి, అల్లకల్లోలానికి గుర్తు. ఆ భయం ఇక ఉండదని దాని ఆత్మీయ అర్థం" అన్నాను.

పెడన వచ్చేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. "దానికి ముందు అధ్యాయం చదివావా?" అని మాత్రం అడిగింది.

ఇంటికొచ్చాక చదివాను. 20వ అధ్యాయం, 13వ వచనం. సముద్రం తనలో ఉన్న చనిపోయినవాళ్ళని అప్పగిస్తుంది అని ఉంది.

నాయనమ్మకి అప్పుడు పద్నాలుగేళ్ళు. చల్లపల్లిలో పిన్ని ఇంట్లో ఉంది కాబట్టి బతికింది. ఆరేళ్ళ తమ్ముడు ఇంటి దగ్గరే ఉన్నాడు. వాడు దొరకలేదు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఈ వచనం పక్కన పెట్టి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

"ముందు వాణ్ణి నాకు అప్పజెప్పాలి. తర్వాతే అది లేకుండా పోవాలి. ముందే పోతే నేనెవర్ని అడగను?" అంది నాయనమ్మ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ప్రసంగీకుడి అక్షరార్థంలో ఆ పిల్లాడు తీర్పు పొందినవాడు. నా ఆత్మీయ అర్థంలో వాడు అసలు లేనే లేడు. నేను ఒక్క వచనం తీసుకుని వాదించాను. నాయనమ్మ రెండు అధ్యాయాల్ని వరసలో చదువుకుని, ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తోంది.

21వ అధ్యాయంలోని సముద్రం ఒక గుర్తే అని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ 13వ వచనం కూడా గుర్తేనా అని ఎవరైనా అడిగితే, నాయనమ్మ ముందు నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఆమె కళ్ళకి శుక్లాలు. రాత్రిపూట నేనే తెలుగులో కూడబలుక్కుంటూ చదివి వినిపిస్తున్నాను. మొన్న 20వ అధ్యాయం అయిపోగానే ఆగాను. అధ్యాయాల అంకెలు బైబిలు రాసినవాళ్ళు వేసినవి కావు, 13వ శతాబ్దంలో పెట్టినవి అని చెప్పాను.

"అయితే మరి ఎందుకు ఆగావ్? చదువు" అంది.