గోదారి ఒప్పుకుంటేనే ప్రయాణం

భద్రాద్రి రాముణ్ని దర్శించుకుని, పర్ణశాల చూసి, అడవి దారిన మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి చేరడం... కారున్న కుటుంబాలు ముచ్చటపడే ప్రయాణమిది. ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. అక్కడినుంచి పర్ణశాల మరో 35. వెనక్కి వచ్చి చింతూరు దారి పడితే, ఆ ఊరు దాటాక మలుపుల ఘాట్‌రోడ్డు, ఇరువైపులా దట్టమైన అడవి. చీకటిపడేలోగా దాన్ని దాటేలా బయల్దేరాలి.

అయితే సెలవులు చూసుకుంటే చాలదు, గోదారినీ చూసుకోవాలి. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో ఏకంగా 71 అడుగులు దాటింది. గోదారి పోటెత్తితే, కూనవరం దగ్గర అందులో కలిసే శబరి వెనక్కి ఎగదన్నుతుంది. చింతూరు వైపు రోడ్లు మునుగుతాయి. పాపికొండల పడవ ఎక్కాలనుకునేవారు మరింత జాగ్రత్తపడాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి పదుల ప్రాణాలు పోయింది వరద ఉద్ధృతిలోనే.

వానలు వెనకబట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అప్పుడైనా సరే, నీటిమట్టం కనుక్కునే బయల్దేరండి. పిల్లలకు పాపికొండలు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు చూపించొచ్చు!